"మీ ప్రయాణం చెప్పండి" అని అడగకండి: సాఫ్ట్‌వేర్ పాడ్‌కాస్ట్ చేస్తున్నవారికి నా సమాధానం

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు మళ్లీ చెబుతాను. సాఫ్ట్‌వేర్ డెవలపర్లతో, టెక్నాలజీ కంపెనీల పెద్దలతో తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. ఆరు ఎపిసోడ్లు విడుదల చేశారు. వచ్చినవారంతా పేరున్నవారే, అయినా వినేవాళ్లు పది నిమిషాలకే ఆపేస్తున్నారు. ఇంకా మంచి మైకు కొనాలా, ఇంకా పెద్ద అతిథులను పట్టుకోవాలా అని అడిగారు.

పదకొండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని. అంతకుముందు పద్నాలుగేళ్లు హైదరాబాదులో మొదట టెస్టింగ్‌లో, తర్వాత డేటాబేస్ విభాగంలో పనిచేశాను. మీరు పంపిన రెండు ఎపిసోడ్లూ చివరిదాకా విన్నాను. మైకు బాగుంది. అతిథులు బాగున్నారు. మారాల్సింది ప్రశ్నలు.

రెండింటిలోనూ మీ మొదటి ప్రశ్న ఒకటే: "సార్, మీ ప్రయాణం గురించి చెప్పండి." దీనికి పెద్ద పదవిలో ఉన్న ప్రతి మనిషి దగ్గరా ముందే వండిపెట్టిన జవాబు ఉంటుంది. కాలేజీ సభల్లో, ఉద్యోగుల సమావేశాల్లో ఎన్నోసార్లు వడ్డించి ఉంటారు. ఊరు, తెలుగు మీడియం, ఇంజనీరింగ్ సీటు, మొదటి ఉద్యోగం, అమెరికా, తిరిగి రావడం. అందులో అబద్ధం లేదు. కానీ చెప్పిన ప్రతిసారీ కొంచెం అరిగి, చివరికి నున్నగా తయారవుతుంది. చెవి పట్టుకోవడానికి దానిలో గరుకు మిగలదు. ఒక మనిషి జీవితమంతా ఒక్క ప్రశ్నలో అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తారు, సంక్షిప్తంగా చెబుతారు.

ఒక రోజును అడగండి. వీలైతే ఒక పూటను.

మీ రెండో ఎపిసోడ్‌లో సరిగ్గా ముప్పై ఒకటో నిమిషం దగ్గర మీ అతిథి ఒక మాట అన్నారు: "ఒక రాత్రి జీతాల ఫైలు బ్యాంకుకు రెండుసార్లు వెళ్లిపోయింది, అప్పటి నుంచి నేను మారాను." ఆ తర్వాత మీరు అడిగింది కృత్రిమ మేధ వల్ల ఉద్యోగాలు పోతాయా అని. నేను అక్కడ వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాను. ఆ ఎపిసోడ్‌కు తలుపు అక్కడే ఉంది, మీరు దాటి వెళ్లిపోయారు. దీనికి మళ్లీ వస్తాను.

ఇలాంటి సంభాషణ ఎలా ఉండాలో చూపడానికి నేను కొత్తవారందరికీ చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఆడమ్ గోర్డన్ బెల్ నడిపే కోరికర్సివ్ అనే పాడ్‌కాస్ట్‌లో 2021లో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ (సమాచారాన్ని పద్ధతిగా దాచి వెతికిపెట్టే ప్రోగ్రామ్) సృష్టికర్త రిచర్డ్ హిప్ మాట్లాడారు. ఎస్‌క్యూలైట్ మీ ఫోనులో ఉంది, మీ అమ్మగారి ఫోనులో ఉంది. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా అది లేకుండా ఉండదు. అంతటి డేటాబేస్ ఎలా పుట్టిందంటే, హిప్ అప్పట్లో అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం ఒక ప్రోగ్రామ్ రాస్తున్నారు. నౌకకు దెబ్బ తగిలినప్పుడు ఏ వాల్వు మూయాలో, ఏది తెరవాలో సిబ్బందికి చెప్పే ప్రోగ్రామ్ అది. సమాచారం వేరే డేటాబేస్ సర్వర్‌లో, అంటే విడిగా నడిచే ఇంకో ప్రోగ్రామ్ దగ్గర, ఉండేది. సర్వర్ ఆగిపోయినప్పుడల్లా ఈయన ప్రోగ్రామ్ తెరమీద "సర్వర్‌తో సంబంధం కుదరడం లేదు" అని చూపేది. తప్పు సర్వర్‌ది, కానీ ఆ మాట తెరమీద పెట్టింది ఈయన ప్రోగ్రామ్ కాబట్టి నింద ఈయనకే వచ్చేది. అసలు సర్వరే లేకుండా, నేరుగా డిస్కు మీది ఫైలును చదివే డేటాబేస్ ఎందుకు ఉండకూడదు? ఆ ఆలోచన నుంచి 2000 సంవత్సరంలో ఎస్‌క్యూలైట్ వచ్చింది.

"ఎస్‌క్యూలైట్ ఎందుకు సరళంగా ఉంటుంది" అని అడిగితే సిద్ధాంతం వస్తుంది. ఆ తెరమీది వాక్యాన్ని అడిగితే యుద్ధనౌక వస్తుంది. సిద్ధాంతం పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ నౌక, ఆ నింద, ఆ చిరాకు ఆ మనిషి నోట మాత్రమే దొరుకుతాయి. పాడ్‌కాస్ట్ అనే ఈ రూపం ఉన్నదే అందుకని నేను గట్టిగా నమ్ముతాను.

నాకు ఈ సంగతి తెలిసివచ్చింది ఒక ఇంజనీరమ్మగారి వల్ల. అప్పటికి ఆవిడ ఒక చెల్లింపుల కంపెనీలో సాంకేతిక విభాగానికి అధిపతి. నలభై నిమిషాలపాటు 'స్కేలబిలిటీ', 'రెజిలియన్స్' అంటూ మర్యాదగా మాట్లాడారు. రికార్డింగు పాడుకాలేదు, కానీ అందులో ఆవిడ లేరు. నా దగ్గర రాసిపెట్టుకున్న ప్రశ్నలు అయిపోయాయి. అప్పుడు అడిగాను: "మీ సర్వర్లు బాగా దెబ్బతిన్న రోజున మీరు ఎక్కడ ఉన్నారండీ?"

ఆవిడ నవ్వి, ఇంగ్లీషు వదిలేశారు. తెనాలిలో పినతండ్రి కూతురి పెళ్లి. తలంబ్రాల వేళకు ఫోను మోగింది. పెళ్లికూతురి గదిలో సారె సర్దిన ఇనుప పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు, నెట్ కోసం మేనల్లుడి ఫోను. సర్వర్‌లో డిస్కు నిండిపోయింది. ప్రోగ్రామ్ తన పనులన్నీ నమోదుచేసుకునే లాగ్ ఫైలు ఒకటి, ఇరవై గిగాబైట్లది కనబడింది, తీసేశారు. అయినా ఖాళీ రాలేదు! మళ్లీ చూశారు, డిస్కు నూటికి నూరుశాతం నిండే ఉంది. బయట మేళం తారస్థాయిలో మోగుతోంది. అప్పుడు వెలిగింది: ఫైలు పేరును తీసేశాం కానీ, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూనే ఉంది, అది వదిలేదాకా లినక్స్ ఆ జాగాను తిరిగి ఇవ్వదు. ఆ ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టారు. డిస్కు ఖాళీ అయింది, చెల్లింపులు కదిలాయి. ఆవిడ బయటికి వచ్చేసరికి జనం భోజనాల బంతిలో ఉన్నారు. "చీరకొంగుకు అక్షింతలు అంటుకుని ఉన్నాయండీ, ఎవరు వేశారో నాకు తెలియదు" అన్నారు.

ఎపిసోడ్‌ను ఆ ఇనుప పెట్టెతో మొదలుపెట్టాను. విన్నవారిలో ముగ్గురు డిస్కు నిండిన రోజున ఈ కథ గుర్తొచ్చి బయటపడ్డామని తర్వాత నాకు రాశారు. 'రెజిలియన్స్' మాట వల్ల ఎవరూ బయటపడలేదు.

ఇక్కడ భాష సంగతి కూడా చెప్పాలి. అతిథులు ఇంగ్లీషులోకి జారిపోతున్నారని మీరు బాధపడ్డారు. "దయచేసి తెలుగులో మాట్లాడండి" అని వేడుకుంటే వాళ్లు మాటమాటకూ తడుముకుంటారు, వినేవాడికీ కష్టం. అభిప్రాయం అడిగితే మనవాళ్లకు ఇంగ్లీషు వస్తుంది, ఎందుకంటే ఆ అభిప్రాయాలను వాళ్లు ఇంగ్లీషులోనే చదివారు, ఇంగ్లీషులోనే సమావేశాల్లో చెప్పారు. జరిగిన సంగతి అడిగితే తెలుగు వస్తుంది. సర్వర్, లాగ్, డిస్కు లాంటి మాటలు ఎలాగూ ఉంటాయి, ఉండనివ్వండి. వాటి మధ్య క్రియలు తెలుగువి అయితే చాలు, సంభాషణ తెలుగే.

కంపెనీల పెద్దల విషయానికి వస్తాను, ఎందుకంటే మీరు ఎక్కువ ఆశ పెట్టుకున్నది అక్కడే. సత్య నాదెళ్ల, అడోబీని ఏళ్లతరబడి నడిపిన శంతను నారాయణ్ ఇద్దరూ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవారు, అలాంటివారిని ఒక్కసారి తీసుకురాగలిగితే చాలు అని రాశారు. ఆశ తప్పు కాదు. కానీ వాళ్లతో ఇప్పటికే ఇంగ్లీషులో గంటలకొద్దీ సంభాషణలు ఉన్నాయి. నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టినప్పటి నుంచి ఆయన మాట్లాడని వేదిక లేదు. ఒకవేళ ఆయన మీ ముందు కూర్చున్నా, మీరు అడగబోయే కొత్త ప్రశ్న ఏది? అది చేతిలో లేకుండా పిలవకండి.

పెద్దవారితో పని జరగాలంటే ఎంత కసరత్తు కావాలో ఎక్వయిర్డ్ పాడ్‌కాస్ట్ చూపింది. దాన్ని నడిపే బెన్ గిల్బర్ట్, డేవిడ్ రోసెంథాల్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా చరిత్ర మీద 2022లో రెండు, 2023లో ఒకటి, మొత్తం మూడు పొడవైన ఎపిసోడ్లు చేశారు. ఆ తర్వాతే, 2023 అక్టోబరులో, ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ ఎదుట కూర్చున్నారు. కూర్చుని ఆయన్ను 1997 నాటి రివా 128 చిప్ గురించి అడిగారు. అప్పుడు కంపెనీ చేతిలో డబ్బు కొన్ని నెలలకే మిగిలింది. నమూనా చిప్ చేసి చూసుకునే వ్యవధి లేదు. చిప్ లాగే ప్రవర్తించే ఎమ్యులేటర్ అనే యంత్రాన్ని కొని, దాని మీదే పరీక్షలన్నీ జరిపి, చిప్‌ను నేరుగా తయారీకి పంపేశారు. పనిచేయకపోతే కంపెనీ లేదు. ఆ కథ చెబుతున్నప్పుడు ఆయన గొంతు వినండి. అదే సంభాషణ చివర్లో, మళ్లీ ముప్పై ఏళ్లవాడైతే ఏ కంపెనీ పెడతారని అడిగితే, అసలు పెట్టనే పెట్టను, అది ఎంత కష్టమో ముందే తెలిస్తే ఎవరూ పెట్టరు అన్నారు. ప్రపంచంలోనే అతిపెద్ద కంపెనీల్లో ఒకదాని అధిపతి ఆ మాట అనగలిగింది, ఎదుటివాళ్లు తన పని చదివి వచ్చారని అంతకుముందు గంటసేపట్లో నమ్మకం కుదిరింది కాబట్టి.

నేను ఒక్కో అతిథికి పది నుంచి పన్నెండు గంటలు చదువుతాను. డెవలపర్ అయితే వాళ్ల కోడ్ బహిరంగంగా ఉంటే మొదటి కమిట్ల (నమోదైన మార్పుల) నుంచి చూస్తాను. ఏ ఫైలును పదేపదే మార్చారో చూస్తాను. మనిషి ఎక్కడ ఇబ్బంది పడ్డాడో అది చెబుతుంది. "ఈ ఫైలును మూడు నెలల్లో ఇరవైసార్లు తిరగరాశారు, ఏమైంది?" అని అడిగినప్పుడు అతిథి కుర్చీలో ముందుకు జరగడం ఎన్నోసార్లు చూశాను. ఆ కదలిక కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

కంపెనీల ప్రచార విభాగాలతో వచ్చే చిక్కు మీకు ఇంకా ఎదురుకాలేదు, ఎదురవుతుంది. ప్రశ్నలు ముందే పంపమంటారు. ప్రశ్నలు పంపకండి, విషయాలు పంపండి: ఫలానా సంవత్సరంలో ఫలానా ఉత్పత్తి, ఫలానా నిర్ణయం. ప్రశ్నలు పంపితే జవాబులు ఇంకెవరో రాసిపెడతారు, మీ అతిథి చదువుతారు. దానికి బదులుగా ఒక భరోసా ఇవ్వండి: కంపెనీ రహస్యం, ఖాతాదారు పేరు, తోటి ఉద్యోగి పరువు ఏదైనా పొరపాటున దొర్లితే, రికార్డింగు అయిన రెండు రోజుల్లోగా చెబితే తీసేస్తానని. ఆ మాట రాతపూర్వకంగా ఇచ్చి నిలబెట్టుకోండి. ఈ పదకొండేళ్లలో తీసేయమన్నవి చాలా తక్కువ. ఆ భరోసా ఉందన్న ధైర్యంతో చెప్పినవే ఎక్కువ. ఒకసారి మాత్రం ఒక కంపెనీ మొత్తం ఎపిసోడ్ వద్దంది. వేయలేదు. బాధ కలిగింది, కానీ మాట మాటే.

గెలిచినవారినే పిలవాలన్న నియమం కూడా వదిలేయండి. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు పొందే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో కథ గుర్తుందా? జోయెల్ స్పోల్‌స్కీ, జెఫ్ అట్‌వుడ్ ఆ సైటును కడుతూనే 2008 ఏప్రిల్‌లో తమ ఫోను సంభాషణలను వారంవారం పాడ్‌కాస్ట్‌గా విడుదల చేశారు. సైటు జనానికి తెరుచుకున్నది సెప్టెంబరులో. అంటే ఐదు నెలలపాటు వాళ్లు ఇంకా తేలని నిర్ణయాలను, వాదులాటలను వినేవాళ్ల ముందే పెట్టారు. ఫలితం తెలిశాక చెప్పే కథలో సందేహాలన్నీ మాయమైపోతాయి. మొదటి నుంచీ అన్నీ తెలిసినట్టే చెబుతారు. వరంగల్లులోనో విశాఖలోనో ఇప్పుడు ఏదో కడుతున్న ఇద్దరిని పట్టుకుని నెలకొకసారి ఏడాదిపాటు మాట్లాడి చూడండి. నాకు తెలిసినంతలో తెలుగులో అలాంటిది చేయడానికి మంచి చోటు ఖాళీగా ఉంది.

మౌనం గురించి ఒక్క మాట. అతిథి జవాబు ముగించాక మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఆ ఖాళీని "అద్భుతం సార్" అని నింపేస్తున్నారు. మొదటి జవాబు మర్యాదకు, నాలుగు అంకెల తర్వాత వచ్చేది గుర్తుకొచ్చినది. ఎడిటింగ్‌లో ఆ ఖాళీని కత్తిరించవచ్చు. మీ "అద్భుతం" మింగేసిన మాటను మాత్రం తిరిగి తేలేరు.

మీరే అన్నీ అడగాలన్న పట్టుదలా అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ రేడియో అనే పాడ్‌కాస్ట్‌ను 2006లో మార్కుస్ ఫోల్టర్ మొదలుపెట్టారు, 2012 నుంచి ఐఈఈఈ సాఫ్ట్‌వేర్ పత్రిక నడుపుతోంది. అక్కడ ప్రశ్నలు అడిగేది ఒక్కరు కాదు, వృత్తిలో ఉన్న ఇంజనీర్లు వంతులవారీగా అడుగుతారు. మీకు నెట్‌వర్కింగ్ తెలియకపోతే తెలిసిన స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టండి.

పరికరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎప్పుడైనా మైకు మార్చాల్సివస్తే దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టే డైనమిక్ మైకు తీసుకోండి, కండెన్సర్ వద్దు. మన ఇళ్లలో ఫ్యాను, కుక్కరు విజిలు, వీధిలో కూరగాయల బండి కేక అన్నిటినీ కండెన్సర్ శ్రద్ధగా వింటుంది. నోటికి జానెడు దూరం లోపు. ఫ్యాను ఆపేయండి, ఏసీ కూడా. అతిథి వేరే ఊళ్లో ఉంటే ఇద్దరి గొంతులూ ఎవరి కంప్యూటర్‌లో వారివి విడివిడిగా రికార్డు కావాలి. నెట్ తడబడినా గొంతు తెగదు. మొదట ఇద్దరూ ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత రెండు ఫైళ్లనూ జతచేయడం సులువు. చివరి శబ్దస్థాయి మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా వినబడుతుందో కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచండి. ఇంతకుమించి డబ్బు ఇప్పుడే పెట్టవద్దు.

ఒక్కదానికి మాత్రం పెట్టండి: సొంత డొమైన్ (వెబ్ చిరునామా), సొంత ఫీడ్ (కొత్త ఎపిసోడ్లను యాప్‌లకు చేరవేసే జాబితా). ఆ ఫీడ్‌ను రాసే పద్ధతి ఆర్‌ఎస్ఎస్‌లో ధ్వని ఫైలును జతచేసే వీలు 2000లో వచ్చింది, పాడ్‌కాస్ట్ అన్న పేరు 2004లో వచ్చింది. పేరుకన్నా ముందు పుట్టిన ఆ సాదా ఫీడే ఇప్పటికీ దీనికి వెన్నెముక. ఫీడ్ మీదైతే ఏ యాప్ మూతపడినా మీ శ్రోతలు మీతోనే ఉంటారు. ప్రతి ఎపిసోడ్‌లోని సంభాషణ మొత్తాన్నీ తెలుగులో రాతగా కూడా పెట్టండి. యంత్రం రాసిచ్చిన దాన్ని చేత్తో దిద్దాలి, గంట సంభాషణకు నాకు మూడు గంటలు పడుతుంది. చెవులు వినబడనివారు చదువుతారు, పదేళ్ల తర్వాత వెతికేవారికి దొరుకుతుంది.

అతిథులు ఎక్కడ దొరుకుతారన్నది మీ చివరి ప్రశ్న. నాకు నిద్రపట్టనివ్వని విషయం ఇదే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. 1990ల చివర్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థల్లో కోబాల్ భాష, మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల పని నేర్చుకుని వైటూకే (2000 సంవత్సరపు తేదీల చిక్కు) పనికి అమెరికా వెళ్లిన తెలుగువారు లెక్కలేనంతమంది. ఇప్పుడు యాభైలు, అరవైలలో ఉన్నారు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు కాబట్టి 99 తర్వాత 00 వస్తే అది 1900 అవుతుందా 2000 అవుతుందా అన్నది సమస్య. ప్రతి ఫైలులోనూ నాలుగంకెలు చేయడానికి వ్యవధి లేనిచోట ఒక గీత గీసేవారు: ఫలానా అంకె కన్నా తక్కువైతే 2000లు, ఎక్కువైతే 1900లు. అలాంటివారు ఎదురైతే "ఆ గీత ఏ సంవత్సరం దగ్గర గీశారు, ఎవరు నిర్ణయించారు?" అని అడగండి. 1999 డిసెంబరు 31 రాత్రి ఏ గదిలో ఉన్నారో అడగండి. నేను ఇప్పటివరకు తొమ్మిదిమందిని అడిగాను, తొమ్మిది వేర్వేరు రాత్రులు వచ్చాయి.

తెలుగు కంప్యూటర్‌లోకి వచ్చిన దారి కూడా అంతే. అన్ని భాషల అక్షరాలకూ ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. ఈలోగా, ఆ తర్వాతా, పోతన లాంటి ఫాంట్లు చేసినవారున్నారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిని, దాని ఆధారంగా వచ్చిన లేఖినిని వాడి మొదటిసారి తెరమీద తెలుగు చూసుకున్నవారున్నారు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఏళ్లతరబడి పెళ్లిపత్రికలు కూర్చి, యూనికోడ్ వచ్చాక పాత ఫైళ్లన్నీ చెత్త అక్షరాలుగా కనబడితే తల పట్టుకున్న డీటీపీ దుకాణాలవారున్నారు. వాళ్లను టెక్నాలజీ రంగ ప్రముఖులని ఎవరూ పిలవరు. కానీ 'క్ష' కింద ఒత్తు సరిగ్గా కూర్చోవడానికి ఎన్ని రాత్రులు పట్టిందో వాళ్లను అడిగి చూడండి. వాళ్ల జవాబుకు ఇంగ్లీషు పాడ్‌కాస్ట్ ఏదీ పోటీకి రాదు, ఎందుకంటే ఆ సంగతి తెలుగులో తప్ప జరగలేదు.

ఇప్పుడు ముప్పై ఒకటో నిమిషానికి వద్దాం. కొత్త అతిథి కోసం వెతకకండి. మీ రెండో ఎపిసోడ్ అతిథికే ఫోను చేయండి. క్షమాపణలు అక్కర్లేదు, "సార్, మీరు జీతాల ఫైలు మాట అన్నప్పుడు నేను దాటేశాను, అది పూర్తిగా వినాలని ఉంది" అని చెప్పండి. నేనైతే మొదట అడిగేది ఇది: రెండోసారి వెళ్లిందని ఎవరు కనిపెట్టారు, మీరా, బ్యాంకా, జీతం రెండుసార్లు పడిన ఉద్యోగా? ఆ తర్వాత, డబ్బు ఎలా వెనక్కి తెచ్చారు, ఎవరైనా ఇవ్వనన్నారా? అది రికార్డు చేశాక మొదటి పది నిమిషాల ఎడిటింగ్ నాకు పంపండి, విని చెబుతాను.